విశ్రాంతి గడిలో తలనొప్పి

మెడ వెనక, పుర్రె మొదలయ్యే చోట, ఎడమ పక్కన ఒక పాయింటు ఉంది. నా తలనొప్పి ప్రతిసారీ అక్కడే మొదలవుతుంది. అక్కడినుంచి చెవి వెనగ్గా పైకెక్కి, తల మీదుగా ముందుకొచ్చి, ఎడమ కంటి వెనక కూర్చుంటుంది. ఈ ప్రయాణానికి దాదాపు నలభై నిమిషాలు పడుతుంది. సర్వే పని చేసేవాణ్ణి కాబట్టి ఆ దారిని ఒక కాగితం మీద గీసి పెట్టుకున్నాను. అమ్మ చూసి, "ఇదేటిరా, కాలవ మ్యాపా?" అంది. నాన్న ఇరిగేషన్ ఆఫీసులో పని చేస్తారు. మా ఇంట్లో ఎవరు ఏ గీత గీసినా అమ్మకి కాలవలాగే కనిపిస్తుంది.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాను. ఒక కాంట్రాక్టరు దగ్గర గొలుగొండ చుట్టుపక్కల ఊళ్లలో భూములు కొలిచే పని. మూడు కాళ్ల స్టాండు మీద పరికరం నిలబెట్టి, హద్దు రాయి దగ్గర మనిషిని నిలబెట్టి, కోణం, దూరం తీసుకుంటాం. బయటివాళ్లకి ఇది కళ్లతో చేసే పనిలా కనిపిస్తుంది. నిజానికి మెడతో చేసే పని. పరికరం వైపు ఒకసారి, రాయి వైపు ఒకసారి, ఇంకా ముఖ్యంగా, "అది కాదు బాబూ మా గట్టు" అంటూ వెనకనుంచి మాట్లాడే రైతు వైపు పదిసార్లు తిప్పాలి.

చెరుకు నరికే రోజుల్లో ఒక సాయంత్రం పని ముగించుకుని నర్సీపట్నం వస్తున్నాను. ముందు వెళ్లిన ట్రాక్టరు నుంచి రాలిన చెరుకుగడలు రోడ్డు మీద పడి ఉన్నాయి. బండి ముందు చక్రం ఒక గడ మీదికెక్కి జారింది. హెల్మెట్ ఉండబట్టి తలకి ఏమీ కాలేదు. లేచి, బండి తీసి, ఇంటికి కూడా వచ్చేశాను. మర్నాడు పొద్దున్న కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మొద్దుబారిపోయి ఉన్నాయి. టీ గ్లాసు పట్టుకున్నానని అనుకుంటున్నాను, గ్లాసు కింద ఉంది.

విశాఖపట్నంలో స్కాన్ తీశారు. మెడలో అయిదో ఎముకకీ ఆరో ఎముకకీ మధ్య ఉండే డిస్కు పక్కకి జరిగి నరాన్ని నొక్కుతోందన్నారు. గొంతు ముందువైపు నుంచి ఆపరేషన్ చేసి, ఆ డిస్కు తీసేసి రెండు ఎముకల్నీ కలిపేశారు. నా మెడలో ఇప్పుడున్నవి: ఒక ప్లేటు, నాలుగు స్క్రూలు, చిన్న పంజరం లాంటి ముక్క ఒకటి. స్క్రూ పొడవెంతో డిశ్చార్జి కాగితంలో వెతికాను. రాయలేదు. డాక్టరుగారిని అడిగితే, "మళ్లీ విప్పే పని నీకు లేదు కదయ్యా," అన్నారు.

వేళ్లు వారంలోపే మామూలయ్యాయి. మెడకి వేసిన కాలర్ తీసేశాక మొదలైంది ఈ తలనొప్పి.

దాని గురించి చెప్పడానికి వెళ్లినప్పుడు డాక్టరుగారు మళ్లీ స్కాన్ తీయించారు. కలిపిన ఎముకలు బాగానే అతుక్కున్నాయి. కానీ వాటి పైనున్న డిస్కు కొంచెం ఉబ్బి ఉంది. "తలనొప్పి దీనివల్లే అని నేను ఖాయంగా చెప్పలేను," అన్నారాయన. "కానీ ఇలాగే కొనసాగితే పై లెవెల్ కూడా, అంటే దాని పై ఎముకని కూడా కలపడం గురించి ఆలోచించాల్సి వస్తుంది. ఆరు వారాలు చూద్దాం. ఎప్పుడొస్తోందో, దేనివల్ల వస్తోందో రాసుకుని రా."

ఇంకో లెవెల్ కలపడమంటే ఏమిటో నాకు తెలుసు. మెడ తిరిగే కోణం ఇంకొంత తగ్గుతుంది. కాంట్రాక్టరు అప్పటికే ఫోన్ చేసి, "పోనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని మ్యాపులు గీయమ్మా, ఫీల్డుకి వేరేవాణ్ణి చూసుకుంటాను," అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. రోజంతా ఎండలో గట్ల మీద నడిచి, సాయంత్రానికి ఒక ఊరి ఆకారం కాగితం మీద తేలుతుంటే చూడటం నాకు ఇష్టమైన పని. దాన్ని వేరేవాడు తెచ్చిస్తే ఏసీ గదిలో రంగులు నింపడం నేను ఊహించుకోలేకపోయాను. పైగా మొదటి ఆపరేషన్ తర్వాత రెండు రోజులు గొంతు పెగల్లేదు. "నీళ్లు" అని కాగితం మీద రాసి అడిగాను. ఆ కాగితం ఇంకోసారి రాయాలని లేదు.

అయినా, "రాసుకుని రా" అన్న మాట వినగానే భయంతో పాటు ఉత్సాహం కూడా వచ్చింది. అంతవరకూ నా జబ్బు మీద అందరూ ఏదో ఒకటి చేస్తున్నారు, నేను పడుకుని ఉన్నాను. మొదటిసారి నాకొక పని దొరికింది.

బస్సు దిగగానే పొడుగు నోటుపుస్తకం కొన్నాను. అడ్డంగా ఆరు గడులు కొట్టాను. తలనొప్పి మొదలైన సమయం. మొదలైన చోటు. తీవ్రత, సున్నా నుంచి పది. ఎంతసేపు ఉంది. దేనితో తగ్గింది. ఆరోది అన్నిటికన్నా ముఖ్యం: అంతకుముందు రెండు గంటల్లో నేనేం చేశాను. ఆ గడిలో కథలు రాయకూడదని ముందే నిర్ణయించుకుని అయిదు మాటలే పెట్టుకున్నాను: నడక, ఫోను, ప్రయాణం, నిద్ర, విశ్రాంతి.

రెండు వారాలు ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా రాశాను. పదిహేనో రోజు పొద్దున్న గ్రాఫ్ కాగితం తీసి పాయింట్లు పెట్టాను. చూసి నమ్మలేక మళ్లీ లెక్కేశాను. ఫోన్ చూశాక వచ్చిన తలనొప్పి తక్కువ. నడిచాక వచ్చింది ఇంకా తక్కువ. తలనొప్పుల్లో పెద్దవన్నీ, ఆరూ ఏడూ తీవ్రత ఉన్నవన్నీ, "విశ్రాంతి" గడిలో ఉన్నాయి.

నాన్నకి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఆఫీసు ఫైలు చూసినట్టు కింది నుంచి పైకి చదివి, "అంటే రెస్టు తీసుకుంటే నొప్పొస్తాదంటావు," అన్నారు.

"డేటా అలాగే ఉంది నాన్నా."

"మరి మా ఆఫీసులో ఒక్కడికీ రావట్లేదేటి?"

నేను మాత్రం సీరియస్‌గా తీసుకున్నాను. విశ్రాంతి తగ్గించేశాను. పొద్దున్న రెండుసార్లు నడక, మధ్యాహ్నం పడుకోవడం బంద్. వారం తర్వాత చూస్తే తలనొప్పులు ఒక్కటి కూడా తగ్గలేదు. సాయంత్రం ఆరయ్యేసరికి మెడ వెనక పాయింటు నిద్రలేస్తోంది. ఆరు వారాల్లో సగం అయిపోయింది. నా దగ్గరున్నది ఒక తప్పు సిద్ధాంతమూ, చాలా అందంగా గీసిన ఒక గ్రాఫూ.

అప్పుడు అల్పపీడనం పట్టింది. మూడు రోజులు తెరిపి లేని వాన. మా వీధిలో మోకాళ్ల దాకా నీళ్లు. ఆ మూడు రోజులూ నాకు తలనొప్పి లేదు. మూడు వరసల్లో సున్నా, సున్నా, సున్నా అని రాశాను. చల్లదనమా? గాలిలో తేమా? ఫ్యానుకి వెనక తడిగుడ్డ కట్టాలా అని ఆలోచిస్తూ కిటికీ దగ్గర నిలబడ్డాను. అమ్మ వెనకనుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని, వీధిలోకి చూస్తూ నిట్టూర్చింది.

"మూడ్రోజులైపోనాది. ఒక్క మనిషి రాలేదు. ఇల్లు బోసిపోయినట్టుంది."

నేను అమ్మ వైపు తిరగబోయి, జాగ్రత్తగా ఒళ్లంతా తిప్పుకుని చూశాను.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరికైనా ఆపరేషన్ అయిందంటే తెలిసినవాళ్లంతా చూడ్డానికి రావాలి. రాకపోతే తప్పు. వచ్చాక పావుగంటలో లేస్తే ఇంకా తప్పు. వచ్చినవాళ్లు పెద్దవాళ్లయితే రోగి పడుకుని మాట్లాడకూడదు. లేచి కూర్చుని, వాళ్ల మొహంలోకి చూస్తూ, చెరుకుగడ దగ్గర్నుంచి స్క్రూల దాకా మొత్తం కథ చెప్పాలి. ఆ తర్వాత వాళ్ల బావగారికో మేనల్లుడికో జరిగింది వాళ్లు చెబితే తలూపుతూ వినాలి. దాదాపు రోజూ సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా నేను చేస్తున్నది అదే. మంచం మీద కూర్చునే కదా చేస్తున్నది. అందుకని నోటుపుస్తకంలో దానికి "విశ్రాంతి" అని రాశాను.

"అమ్మా, పోయిన నెల నుంచి ఏ రోజు ఎవరొచ్చారో నీకు గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు?"

పుస్తకం తీసుకొచ్చి కింద కూర్చున్నాను. "మంగళవారం. పెద్ద వాన పడక ముందు వారం."

అమ్మ వెంటనే అందుకుంది. "ఉల్లిపాయ పకోడీలేసిన రోజు. మీ నాన్న ఆఫీసోళ్లు ముగ్గురు. ఒకాయన సుగరని పకోడీ తిన్నేదు, మజ్జిగిచ్చాను."

పుస్తకంలో ఆ రోజు: ఆరు.

"బుధవారం?"

"ఎవులూ రాలేదు. పాలు మిగిలిపోయి తోడేసాను."

పుస్తకంలో: ఒకటి.

"గురువారం?"

"ఎదురింటి మేష్టారు గారు, ఆరి భార్య. టీ రెండుసార్లు. ఆయన లేస్తారేటి బేగి!"

ఏడు.

అమ్మకి తారీఖులు తెలియవు. వచ్చినవాళ్లకి ఏం పెట్టిందో తెలుసు. మూడు వారాలు, ఒక్క రోజు కూడా తడుముకోకుండా చెప్పుకుంటూ పోయింది. నేను రాసుకుంటూ పోయాను. గట్టుకి ఆ చివరా ఈ చివరా కొలిచిన కొలతలు ఒకదానితో ఒకటి సరిపోయినప్పుడు కలిగే ఆనందం మా పనివాళ్లకే తెలుస్తుంది. మా ఇంట్లో ఇంత కచ్చితమైన రికార్డు ఒకటి వంటింట్లో నడుస్తోందని నాకు అప్పటిదాకా తెలియదు.

"మనుషులొచ్చిన రోజునే వస్తోందమ్మా! చూడు, అన్నీ కలుస్తున్నాయి!"

అమ్మ మొహం నిమిషంలో మారిపోయింది. గెలిచినవాళ్ల మొహం. "నాను మొదట్నుంచీ సెప్తన్నాను. దిష్టి."

గ్రాఫు వైపు మళ్లీ చూశాను. నా గ్రాఫు అమ్మ సిద్ధాంతాన్ని పూర్తిగా బలపరుస్తోంది.

రాత్రి మంచం మీద నేను ఎలా కూర్చుంటానో అలాగే కూర్చుని చూసుకున్నాను. మంచం గోడకి ఆనుకుని ఉంటుంది. వచ్చినవాళ్లకి కుర్చీ నా ఎడమ భుజం పక్కన, కిటికీ కింద వేస్తాం. ఫ్యాను గాలి అక్కడే బాగా తగులుతుంది, అతిథికి గాలి రావాలి కదా. ఖాళీ కుర్చీ వైపు, మనిషి ఉన్నట్టే చూశాను. నాన్నని పిలిచి నా తల మీద స్కేలు పెట్టించి, ఎంత తిరిగిందో కోణమానినితో కొలిపించాను. అరవై డిగ్రీలు. ఎముకలు కలిపిన మెడని అరవై డిగ్రీలు తిప్పి, గంటన్నరసేపు, మధ్యమధ్యలో తలూపుతూ ఉంచుతున్నాను. పరికరాన్ని కూడా నేను అలా వాడను.

దిష్టా, కుర్చీనా? తేల్చాలంటే ఒక్కటే మార్గం. మనిషి అదే, సమయం అదే, టీ అదే, కుర్చీ ఒక్కటే మారాలి. దానికి పెద్దమ్మని మించినవాళ్లు లేరు. అమ్మకి అక్క, పాయకరావుపేటలో ఉంటుంది. ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి, కదలకుండా రెండు గంటలు మాట్లాడుతుంది. పైగా అమ్మ లెక్కలో ఆవిడ చూపు చాలా గట్టిది. ఆ సంగతి ఆవిడకి తెలియదు.

ఆదివారం కుర్చీని తీసి మంచానికి సరిగ్గా ఎదురుగా వేశాను. పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎదురుగా ఏసారేటిరా? పెళ్లిసూపులేటి నాకు?"

"ఇలా అయితే నీ మొహం బాగా కనబడుతుంది పెద్దమ్మా."

"అరవయ్యేళ్లొచ్చాక కనబడి ఏటి సేత్తాదిరా! ఒలే, ఆ ఫేను ఇటు తిప్పు ముందు."

రెండు గంటల అయిదు నిమిషాలు కూర్చుంది. నేను మెడ తిప్పలేదు. ఏడున్నరకి ఏమీ లేదు. తొమ్మిదికి ఏమీ లేదు. సున్నా రాసి, కింద రెండు గీతలు కొట్టి, వంటింట్లోకి పరిగెత్తినంత పని చేశాను.

"చూశావా అమ్మా! కుర్చీయే!"

అమ్మ గిన్నెలు తోముతూ వెనక్కి తిరగకుండా అంది. "కుర్చీ కాదు. మజ్జానం నువ్వు పడుకున్నప్పుడు ఉప్పూ మిరపకాయలూ సుట్టూ తిప్పి పొయ్యిలో పడీసాను. అక్క వొస్తాదని ముందే తీసీసాను."

"అమ్మా! ఒకేసారి రెండూ మార్చేస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?"

"తగ్గిందా లేదా? అది సెప్పు."

నాన్న హాల్లోంచి నవ్వడం వినిపించింది. మళ్లీ ఆదివారం దాకా ఆగాలి, ఒక వారం వృథా. ఇంకా పదిహేను రోజుల్లో డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆ మర్నాడే అమ్మతో ఒప్పందం చేసుకున్నాను. వచ్చే ఆదివారం దిష్టి తీసేయవచ్చు, ఎంత కావాలంటే అంత. కానీ కుర్చీ మాత్రం మళ్లీ కిటికీ కిందికి వెళ్తుంది. అమ్మ ఆ రోజు నా ఎదురుగానే, బాగా, రెండుసార్లు తీసింది. మిరపకాయల ఘాటుకి ముగ్గురమూ దగ్గాం.

పెద్దమ్మ వచ్చి, "హమ్మయ్య, ఇప్పుడు మడిసి కూకున్నట్టుంది," అంటూ పాత చోటే కూర్చుంది. నేను ఆవిడ వైపు తల తిప్పి, గోడ గడియారం మీద ఒక కన్ను వేశాను. తుని సంతలో ఎవరో ఎవరినో ఏదో అన్న కథ మొదలైంది. పావుగంట. అరగంట. ముప్పై ఎనిమిదో నిమిషానికి మెడ వెనక ఎడమ పక్కన, సరిగ్గా నేను గీసుకున్న చోట, సన్నగా ఒక మేకు దిగింది.

"వచ్చింది!" అని అరిచాను. "అమ్మా, వచ్చింది! తలనొప్పి వచ్చేసింది!"

పెద్దమ్మ టీ గ్లాసు వదిలేసింది. "ఏటైందిరా నాయనా! ఒలమ్మో, పిల్లోడికేటో అయిపోనాది!"

నేను తల పట్టుకుని నవ్వుతున్నాను. నొప్పి కంటి వెనక్కి చేరి ఆరు దాకా వెళ్లింది. అయినా నవ్వు ఆగలేదు. అమ్మ బామ్ సీసాతో వచ్చి, నన్నూ గడియారాన్నీ కుర్చీనీ మార్చి మార్చి చూసింది.

"నా మూలాన్నే వొచ్చిందేటిరా?" పెద్దమ్మ కళ్లలో నీళ్లు.

"నీ మూలాన్న కాదు పెద్దమ్మా. కుర్చీ మూలాన్న. నీకు ఏ సంబంధమూ లేదు."

అమ్మ పెద్దమ్మని లేపి, కుర్చీ ఎత్తి మంచానికి ఎదురుగా వేసింది. దిష్టి గురించి మాత్రం ఓడిపోయానని ఒప్పుకోలేదు, ఈ రోజు వరకూ.

మిగిలిన రోజులు వచ్చిన ప్రతివాళ్లనీ ఎదురుగా కూర్చోబెట్టాం. తలనొప్పి పూర్తిగా పోలేదు. ఒకరోజు ఫోన్ మీద వంగి, ఒకరోజు దిండు మారి వచ్చాయి. కానీ నాలుగు దాటలేదు.

విశాఖపట్నంలో డాక్టరుగారు నోటుపుస్తకం అందుకుని ఒక పేజీ తిప్పి పక్కన పెడతారనుకున్నాను. ఆయన మొత్తం చదివారు. "ఉల్లిపాయ పకోడీ" అన్న దగ్గర ఆగి పైకి చూశారు. చెప్పాను. చేతుల బలం చూశారు, నడిపించారు, మోకాలి మీద సుత్తితో కొట్టారు. చివరికి వెనక్కి వచ్చి మెడ పైభాగాన ఎడమ పక్కన బొటనవేలితో నొక్కారు. నొప్పి అదే దారిలో కంటిదాకా వెళ్లింది.

"ఇది పుర్రె కింద, మెడ పైకొసన ఉన్న చిన్న కీలు," అన్నారు. "స్కాన్‌లో ఉబ్బిన డిస్కు ఇంకా కింద ఉంది. అలాంటి ఉబ్బు నొప్పేమీ లేనివాళ్లలో కూడా కనిపిస్తూనే ఉంటుంది. నువ్వు రమ్మన్నప్పుడు వచ్చి, పొమ్మన్నప్పుడు పోయే నొప్పికి నేను కత్తి పట్టుకోను."

"మరి ఫీల్డు?"

"వ్యాయామాలు మానకుండా చేస్తావా?"

"రాసుకుని మరీ చేస్తాను."

"అదొక్కటి తెలుస్తోంది," అన్నారు. తలనొప్పి వస్తూ పోతూ ఉంటుందనీ, మరీ ఎక్కువైతే ఆ కీలు దగ్గర ఇంజెక్షన్ ఉందనీ, చేతులు మళ్లీ మొద్దుబారితే ఒక్కరోజు కూడా ఆగకుండా రమ్మనీ చెప్పారు. నెల తర్వాత రోజుకి నాలుగు గంటలు పనికి వెళ్లవచ్చు. మెడ తిప్పకూడదు, మనిషి మొత్తం తిరగాలి.

ఆ నెల గడిచింది. గొలుగొండ దగ్గర ఒక వరిమడి గట్టు మీద పరికరం నిలబెట్టాను. మట్టం చూపే బుడగని మధ్యకి తెచ్చి, కన్ను పెట్టి, మొదటి రాయి చూశాను. రెండో రాయికి మెడ తిప్పబోయి ఆగి, పాదాలు చిన్నచిన్నగా జరుపుకుంటూ ఒళ్లంతా తిరిగాను. మూడో రాయికీ అంతే. ఆ పొలం రైతు, తలకి తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన, కొంతసేపు చూసి ఉండబట్టలేక అడిగేశాడు.

"బాబూ, గానుగెద్దులాగ అలగ సుట్టూ తిరుగుతావేటి?"

"మెడలో నాలుగు స్క్రూలున్నాయి తాతా. మెడ తిప్పకూడదు."

"స్క్రూలా!" ఆయన గట్టు మీదినుంచి దూకినంత పని చేసి నా ఎడమ పక్కకి వచ్చి నిలబడ్డాడు. "ఎలగ పడ్డావు? మొదట్నుంచి సెప్పు."

నేను పాదాలు జరుపుకుని ఆయనకి ఎదురుగా తిరిగాను. కథ చెబుతూనే నాలుగో రాయి వైపు తిరిగాను. ఆయనకి వినాలని ఉంది కాబట్టి నాతో పాటు తిరిగి మళ్లీ ఎదురుగా వచ్చాడు. అలా ఇద్దరం పరికరం చుట్టూ తిరుగుతూ ఆ మడి మొత్తం కొలిచాం. మధ్యాహ్నం మూడింటికి మెడ వెనక కొంచెం పట్టేసింది. పదికి రెండు. ఫీల్డు పుస్తకంలో ఆ రోజు తీసిన పాయింట్లు ముప్పై ఒకటి.